పదో దూది ఉండ

ఆదివారం ఉదయం ఏడింటికి పళ్ళ డాక్టరు తన ఎర్ర స్పోర్ట్స్ కారు బానెట్ ఎత్తి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, నుదుటికి లైటు కట్టుకుని, "రెండు గంటల పని" అని ప్రకటించాడు. ఆయన రెండు గంటలంటే రెండు గంటలే. క్లినిక్‌లో పన్ను పీకుతానని చెప్పి పీకకుండా ఎవరినీ పంపలేదు. ఒకటి రెండు సార్లు పక్క పన్ను పీకిన మాట నిజమే గానీ, సమయం మాత్రం దాటనివ్వలేదు.

ఆ రోజే ఆ పని పెట్టుకోవడానికి కారణం మామగారు. ముప్ఫై నాలుగేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆ ఆదివారంతో ఆయనకు డెబ్భై నిండుతున్నాయి, డ్రైవింగ్ లైసెన్సు గడువు కూడా ఆ రోజుతోనే తీరిపోతోంది. మళ్ళీ తీసుకోనని ఆయనే తేల్చేశారు. పొద్దుగూకాక ఎదుటి బండి ఒక్క లైటు రెండుగా కనిపిస్తున్నప్పుడు స్టీరింగు పట్టుకోవడం తప్పని ఆయన అభిప్రాయం. అల్లుణ్ణి ఎన్నడూ ఏదీ అడగని ఆ మనిషి మొన్న వచ్చిన రోజున కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, డిక్కీతో సహా అన్నీ తెరిచి చూసి, మెల్లగా ఒక్కటి అడిగారు.

"నా లైసెన్సుకు కాలం చెల్లేలోగా ఈ బండిని ఒక్కసారి నడిపి ఆపేస్తానండీ అల్లుడుగారూ. చీకటి పడకముందే."

కారు అప్పటికి శుభ్రంగా నడుస్తోంది. మామూలు మనిషైతే తాళం చేతికిచ్చి ఊరుకునేవాడు. డాక్టరుకు మాత్రం నెలరోజులుగా అట్టపెట్టెలో మూలుగుతున్న కొత్త సామాను గుర్తొచ్చింది. ఇంజనుకు చల్లగాలి దండిగా అందించే వెండిరంగు గొట్టం, దాని చివర తొడిగే ఫిల్టరు, ముందు చక్రాల పైన రెండు వైపులనూ కలిపి బిగించే అడ్డకడ్డీ. గొట్టంతో బండికి పరుగు, కడ్డీతో మలుపుల్లో నిలకడ వస్తాయని పెట్టె మీదే రాసి ఉంది. మామగారు ఆఖరుసారి నడిపే బండి మామూలుగా ఉంటే ఎలా అన్నది డాక్టరు వాదన.

డాక్టరు భార్య లైబ్రరీలో పనిచేస్తుంది. చేతికొచ్చిన కాగితాన్ని మొదటి పేజీ నుంచి చదవనిదే వదలని మనిషి.

"ఇవాళే అవసరమా అండీ? నాన్న పొద్దున్న ఆరింటి నుంచి బూట్లేసుకుని కూర్చున్నారు. పోనీ, పెట్టెలో వచ్చిన ఆ పుస్తకం మొదటి పేజీ అయినా చదివారా?"

"మొదటి పేజీలో ఏముంటుందోయ్, మా సరుకు కొన్నందుకు ధన్యవాదాలు అని ఉంటుంది. నేను మూడో పేజీ నుంచి చదివా. బొమ్మలు అక్కడే మొదలయ్యాయి."

వరండాలో కుర్చీ అంచున కూర్చున్న మామగారు పాత యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కున్నారు. లైసెన్సు జేబులో ఉంది. ముప్ఫై నాలుగేళ్ళూ ఆయన కింద నలిగిన చిన్న దిండు ఒళ్ళో ఉంది.

డాక్టరు పని చూడముచ్చటగా సాగింది. పాత గాలిపెట్టె విప్పాడు, పట్టీలు వదులు చేశాడు, పాత గొట్టం ఊడదీశాడు. ఊడదీయగానే లోపలి రంధ్రాలు నోళ్ళు తెరుచుకుని కనిపించాయి. తెరిచిన నోరు కనిపిస్తే ఆయన చేయి ఊరుకోదు. క్లినిక్ నుంచి తెచ్చిన పొట్లం విప్పి, అందులోని పది దూది ఉండలనూ ట్రేలో పేర్చి, చిమటాతో ఒక్కొక్కటే తీసి రంధ్రాల్లో కుక్కడం మొదలుపెట్టాడు. దుమ్ము గానీ మర గానీ లోపల పడకుండా అది మంచి జాగ్రత్తే. కాకపోతే పెట్టినవెన్ని, తీసినవెన్ని అని లెక్కచూడడం క్లినిక్‌లో సిస్టరు పని. ఆదివారం ఆవిడకు సెలవు.

తొమ్మిదింటికి గేటు చప్పుడైంది. మూడో వీధి టైలరు, ఎడమ బుగ్గ నిమ్మకాయంత వాచి, చేత్తో పట్టుకుని వచ్చాడు.

"డాక్టరుగారూ, ప్రాణం పోతోంది. క్లినిక్ మూసుందండీ."

డాక్టరు అటూ ఇటూ చూశాడు. క్లినిక్ తాళాలు వెతికి వెళ్ళి రావడమంటే గంట పని. కారు డ్రైవరు సీటు చూస్తే క్లినిక్ కుర్చీ కంటే బాగా వెనక్కి వాలుతుంది. టైలరును అందులో పడుకోబెట్టి, "నోరు తెరవండి" అని నుదుటి లైటు లోపలికి కొట్టాడు.

సరిగ్గా అప్పుడే మామగారు దిండు పట్టుకుని వచ్చారు. తన సీట్లో ఎవరో నోరు తెరుచుకుని పడుకున్నారు కాబట్టి వెనక్కి వెళ్ళి డిక్కీ తెరిచి దిండు అందులో పెట్టారు. దిండు పెట్టడానికి పట్టే సమయం కంటే కాస్త ఎక్కువే పట్టింది. డిక్కీ మూసి, చేతులు దులుపుకుని, గట్టిగా చెప్పారు.

"అల్లుడుగారూ, నా వైపు పని అయిపోయిందండీ. ఇక మీరు చెప్పాకే."

"అలాగే మామగారూ, చెబుతాను," అన్నాడు డాక్టరు రెండు చేతులూ టైలరు నోట్లో ఉంచుకుని. మామగారు తృప్తిగా వరండాలోకి వెళ్ళిపోయారు.

డాక్టరు ట్రేలోంచి చేతికందిన ఉండ తీసి, మందులో ముంచి, నొప్పి పంటి మీద పెట్టాడు. "గట్టిగా కొరికి పట్టుకోండి. నేను చెప్పేదాకా నోరు తెరవద్దు. ఎవరడిగినా సరే." టైలరు తలూపి వెళ్ళిపోయాడు. వైద్యుడి మాటంటే ప్రాణమిచ్చే మనుషులు కొందరుంటారు. టైలరు ఆ కోవలో మొదటివాడు.

పదకొండు గంటలకు కొత్త గొట్టం, అడ్డకడ్డీ ఇంజను మీద తళతళలాడుతున్నాయి. దూది ఉండలన్నీ ఏరి ట్రేలో పడేసి, డాక్టరు సీట్లో కూర్చుని దర్జాగా బటన్ నొక్కాడు. ఏమీ జరగలేదు. ఇంకోసారి నొక్కాడు. కారు నిమ్మకు నీరెత్తినట్టు ఉండిపోయింది.

"లైట్లు కూడా వెలగడం లేదండీ," అంది భార్య.

డాక్టరుకు ఎందుకో ట్రే వైపు చూడాలనిపించింది. లెక్కపెట్టాడు. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టినా తొమ్మిదే.

"ఒక దూది ఉండ లోపలే ఉండిపోయింది! గొట్టానికి అడ్డం పడింది. బండికి ఊపిరాడడం లేదు."

"ఊపిరాడకపోతే కనీసం దగ్గాలి కదా? చప్పుడే లేదు."

"పూర్తిగా ఊపిరాగినవాడు దగ్గుతాడా?"

"మరి లైట్లు?"

"ఊపిరాగితే ముందు తేలేసేది కళ్ళే," అన్నాడు డాక్టరు. వైద్యశాస్త్రం అంత ధీమాగా మాట్లాడుతుంటే లైబ్రరీ ఏం చేస్తుంది?

అయినా ఆవిడ వదల్లేదు. "టైలరుకి ఒకటి పెట్టారు కదా?"

"అది ఈ ట్రేలోది కాదు, జేబులోంచి తీశా. నాకు బాగా గుర్తు." ఆవిడ చూపు చూసి ఫోను తీశాడు. "సరే, వాణ్ణే అడుగుదాం. హలో, నేనే! మీ నోట్లో దూది ఉందా? ఉంటే ఉందని చెప్పండి."

అవతల నుంచి "మ్మ్" అని వినిపించింది.

"నోరు తెరిచి చెప్పండి. ఉందా?"

"మ్మ్మ్!" ఈసారి కాస్త భయంగా వినిపించింది. ఇది తనకు పెట్టిన పరీక్ష అనుకుని టైలరు పళ్ళు ఇంకా బిగించాడు.

డాక్టరు ఫోను పెట్టేశాడు. "విన్నావా? ఉంటే ఉందని చెప్పేవాడు."

వరండాలోంచి మామగారి గొంతు వినిపించింది. "అయిందా అల్లుడుగారూ?"

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన పొద్దున్నుంచీ పెట్టుకున్న ఆశ ఇలా నీరుగారిపోయిందని ఏ నోటితో చెప్పడం? "ఆఁ, దాదాపు... ఇంజను చల్లారుతోంది మామగారూ!" అనేశాడు డాక్టరు.

వరండాలో కుర్చీ కిర్రుమంది. తర్వాత "ఊఁ" అని వినిపించింది. "పోయి కాసేపు నడుం వాల్చండి నాన్నా, అవగానే పిలుస్తాను," అని కూతురు ఆయన్ని ముందుగదిలోకి పంపింది. ఆయన బూట్లు విప్పకుండానే మంచం మీద వెల్లకిలా పడుకుని, పైకప్పు చూస్తూ ఆలోచనలో పడ్డారు.

ఇక శస్త్రచికిత్స మొదలైంది. పొద్దున్న పెట్టినవన్నీ మళ్ళీ విప్పారు. గదిలోంచి కనిపించకుండా పోర్టికోకు అడ్డంగా తెల్ల దుప్పటి కట్టారు. విప్పిన భాగాలు పరవడానికి నేల మీద ఇంకో తెల్ల దుప్పటి వేశారు. డాక్టరు మూతికి మాస్కు కట్టుకుని, పళ్ళు చూసే చిన్న అద్దం గొట్టంలోకి దూర్చి వెతికాడు. దూది కనిపించలేదు. ఇంట్లోంచి దుమ్ము పీల్చే మిషను తెప్పించి దాని మూతి లోపలికి పెట్టాడు. మిషను గుర్రుమని ఒక్క ఊపున అద్దాన్ని మింగేసింది. అద్దం కోసం మిషను సంచి కోయాల్సి వచ్చింది. ఆరునెలల ఇంటి దుమ్ము దుప్పటి మీదా, కొత్త గొట్టం మీదా, డాక్టరు మీదా సమంగా పడింది.

"నేను చెప్పానా..." అని మొదలుపెట్టి, మొగుడి మొహం చూసి, ఆవిడ మాట మింగేసింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. దుమ్ము వల్లేనని ఆయన అన్నాడు.

ఎదురింటి ఆవిడ మేడ మీంచి ఇదంతా చూస్తోంది. తెల్ల దుప్పట్లు, మాస్కు, రబ్బరు తొడుగులు, కిటికీలోంచి చూస్తే మంచం మీద బూట్లతో కదలకుండా పడుకున్న పెద్దాయన. ఆవిడ గబగబా దిగి గేటు దగ్గరికొచ్చింది.

"ఏమ్మా, ఏమైంది?" అని గుసగుసగా అడిగింది.

"గట్టిగా అనకండి పిన్నిగారూ. నాన్నకి ఇంకా చెప్పలేదు. తట్టుకోలేరు," అంది డాక్టరు భార్య.

"అయ్యో! ఆశ ఉందా?"

"ఈయన పొద్దున్నుంచీ ప్రయత్నిస్తూనే ఉన్నారు. సాయంత్రం దాటితే ఇక లాభం లేదు. ఆయన ఆఖరి కోరికండీ, ఒక్కసారి కారు నడపాలని..." అంటూ ఆవిడ ముందుగది వైపు చూసింది.

ఎదురింటి ఆవిడ చెంగు కళ్ళకు అద్దుకుని వెనుదిరిగింది. పళ్ళ డాక్టరు ఇంతటి వైద్యానికి దిగాడంటే పరిస్థితి ఎంత చేయిదాటి ఉండాలో ఆవిడకు అర్థమైంది. నాలుగు గంటలయ్యేసరికి వీధిలో సగంమంది గేటు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎవరూ ఏమీ అడగలేదు. తన కారు మీద వీధికి ఇంత అభిమానం ఉందని డాక్టరు అంతకుముందు ఎరగడు. కదిలిపోయి అందరికీ నమస్కారం పెట్టాడు. అది చూసి ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

ఆ గుంపును తోసుకుంటూ టైలరు వచ్చాడు. బుగ్గ వాపు బాగా తగ్గింది, మొహంలో మాత్రం ఏడు గంటల మౌనం పేరుకుని ఉంది. కొలతలు రాసే కాగితం డాక్టరు చేతికిచ్చాడు. అందులో పెన్సిలుతో, "దూది తీయవచ్చునా? ఆకలిగా ఉంది" అని ఉంది.

డాక్టరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. చిమటా తీసుకున్నాడు. "నోరు తెరవండి." బయటికొచ్చిన ఉండను ట్రేలో తొమ్మిదింటి పక్కన పెట్టాడు. అదే సైజు, అదే నేత, అదే పొట్లం.

"పది," అంది భార్య. ట్రే ఆయన ముందుకు జరిపింది.

"మరి ఫోనులో చెప్పొచ్చు కదయ్యా!"

"మీరే కదండీ, ఎవరడిగినా తెరవొద్దన్నారు," అన్నాడు టైలరు దవడలు నిమురుకుంటూ. ఏడు గంటల తర్వాత అతని మొదటి మాట అది.

డాక్టరులో మళ్ళీ ఊపు వచ్చింది. ఇంజనులో ఏ దూదీ లేదంటే అది ఆరోగ్యంగా ఉన్నట్టే. దుమ్మంతా తుడిచి, గొట్టం బిగించి, పట్టీలు వేసి, అడ్డకడ్డీ పెట్టాడు. ఈసారి ప్రతి మరనూ భార్యే లెక్కపెట్టి అందించింది. అయిదుంబావుకు పని పూర్తయింది. పొద్దు ఎదురింటి మేడ వెనక్కి జారుతోంది. వీధంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా డాక్టరు సీట్లో కూర్చుని బటన్ నొక్కాడు.

ఏమీ జరగలేదు.

డాక్టరు స్టీరింగు మీద తల ఆనించాడు. పొద్దున్న ఏడింటికి బాగున్న బండిని తన చేతులతో చంపేశాడు. ఇంకో గంటలో చీకటి పడుతుంది. అర్ధరాత్రి దాటితే ఆ పెద్దమనిషి ఇక డ్రైవరు కాడు. ఆయన అడిగిందల్లా బండి నడపడం, అంతే. దానికి ఇంకాస్త పరుగు కావాలని ఎవరడిగారు?

"ఇక దాచి లాభం లేదు. నేనే చెబుతాను," అని భార్య ముందుగదిలోకి వెళ్ళింది.

"నాన్నా, బండి స్టార్ట్ కావడం లేదు. పొద్దున్నుంచీ మీకు అబద్ధాలు చెబుతున్నాం."

మామగారు లేచి కూర్చున్నారు. "స్టార్ట్ చేశారా? అల్లుడుగారు నాకింకా చెప్పనేలేదే!"

"ఏం చెప్పాలి?"

ఆయన జవాబివ్వకుండా చొక్కా సర్దుకుని బయటికొచ్చారు. గేటు దగ్గర జనం ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. ఎదురింటి ఆవిడ గుండెల మీద చేయి వేసుకుంది. మామగారు ఆ గుంపునంతా తేరిపార చూసి, "ఇంతమందీ ఎక్కడానికేనా?" అని అడిగారు. అందరూ ఇంకో అడుగు వెనక్కి వేశారు.

"పని అయిందా అల్లుడుగారూ?"

"అయింది మామగారూ. కానీ..."

"అయితే అయిందని చెప్పాలి కదండీ."

ఆయన వెనక్కి నడిచి డిక్కీ తెరిచారు. దిండు తీసి చంకలో పెట్టుకున్నారు. కింద పరిచిన చాప ఎత్తి, జేబులోంచి చిన్న పానా తీసి, వంగి రెండు తిప్పులు తిప్పారు. కారు లోపల లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

"అక్కడ... అక్కడేముంది మామగారూ?"

"బ్యాటరీ అండీ."

తన కారు బ్యాటరీ వెనక ఉంటుందన్న సంగతి డాక్టరుకు ఆ క్షణంలో తెలిసింది.

"మా డిపోలో బానెట్ ఎత్తగానే డ్రైవరు బ్యాటరీ తీగ తీసేయాలి," అన్నారు మామగారు చేతులు తుడుచుకుంటూ. "లోపల మెకానిక్ చేతులుంటాయి, ఎవడైనా తాళం తిప్పాడంటే వేళ్ళు పోతాయి. మళ్ళీ మెకానిక్ 'అయింది' అని నోటితో చెప్పేదాకా డ్రైవరు కలపకూడదు. పొద్దున్నే చెప్పాను కదా, నా వైపు పని అయిపోయింది, ఇక మీరు చెప్పాకే అని. మీరూ చెబుతానన్నారు."

"మరి ఇంజను చల్లారుతోందని అన్నప్పుడైనా..."

"అదే ఆలోచిస్తూ పడుకున్నానండీ. బ్యాటరీ లేని ఇంజను ఎలా వేడెక్కిందా అని. కొత్త రకం బండి కదా, దీని పద్ధతి ఇదేమో అనుకున్నా. మెకానిక్ పనిలో మనం వేలు పెట్టకూడదు."

భార్య అట్టపెట్టెలోంచి పుస్తకం తీసి మొదటి పేజీ తిప్పింది. "పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగను తప్పక తొలగించవలెను," అని పైకి చదివింది. "ధన్యవాదాలు ఆఖరి పేజీలో ఉన్నాయండీ."

మామగారు సీటు నిటారుగా లేపి, దిండు వేసుకుని, అద్దాలు మూడూ సరిచేసుకుని, బటన్ నొక్కారు. ఇంజను ఇల్లదిరేలా గర్జించింది. గేటు దగ్గర జనం ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. ఎదురింటి ఆవిడ మాత్రం పళ్ళ డాక్టరును దేవుణ్ణి చూసినట్టు చూసింది. పక్కసీట్లో అల్లుణ్ణి కూర్చోబెట్టుకుని, చెయ్యి బయటపెట్టి సైగ చేసి మరీ, ఆయన బండి రోడ్డెక్కించారు.

మొదటి బస్ స్టాపు రాగానే కారు మెల్లగా ఎడమపక్కకు జరిగి ఆగింది. అయిదు క్షణాలు ఉండి కదిలింది. రెండో స్టాపులోనూ అంతే. డాక్టరు మామగారి మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ముప్ఫై నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళిపోయాయి. మూడో స్టాపులో సంచి పట్టుకున్న ఒకావిడ నిజంగానే ముందుకొచ్చింది. "నిండిపోయిందమ్మా, వెనక ఇంకోటి వస్తోంది," అన్నారాయన ఎంతో మర్యాదగా. అలా రూటంతా పూర్తి చేసి, వీధి లైట్లు వెలగడానికి ముందే కారును గేటు దగ్గర నిలిపారు. జేబులోంచి లైసెన్సు తీసి, ఒకసారి చూసుకుని, వేలితో తుడిచి, ఎదురొచ్చిన కూతురి చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని గుప్పిట్లో పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. ఈసారి దుమ్మేమీ లేదు.

"ఎలా ఉంది మామగారూ బండి?" అని అడిగాడు డాక్టరు ఆత్రంగా.

"మంచి బండే అల్లుడుగారూ. జనానికే చోటు తక్కువ."

ప్రయాణం మొత్తంలో స్పీడు ముల్లు ముప్ఫై అయిదు దాటలేదు. అయినా కొత్త గొట్టం వల్ల ఆ ముప్ఫై అయిదులో తేడా స్పష్టంగా తెలిసిందని డాక్టరు తెరిచిన ప్రతి నోటితోనూ చెబుతుంటాడు, ఆ నోళ్ళలో దూది ఉంటుంది కాబట్టి ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.